తాగేది అంతే అయినా పేదపేటల్లోనే చావులెక్కువ ఎందుకు?

మీరు అడిగినదాన్ని రెండు ప్రశ్నలుగా తీసుకుంటున్నాను. స్కాట్లాండ్‌లో మందు (మద్యం) వల్ల వచ్చే మరణాల రేటు బాగా వెనకబడిన ప్రాంతాల్లో సంపన్న ప్రాంతాల కన్నా నాలుగున్నర రెట్లు ఉందని చదివి, "అక్కడ ఎక్కువ తాగుతారు, ఎక్కువమంది పోతారు, ఇందులో అసమానత అనడానికేముంది?" అన్నారు. ఆ తర్వాత, "ప్రభుత్వం ధర పెంచితే చిల్లు పడేది పేదవాడి జేబుకే కదా?" అని కూడా అన్నారు. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది కానీ మీరు అనుకున్నంత లేదు. రెండోదాని సంగతి చివర్లో చెప్తాను, అది ఒక్క ముక్కలో తేలేది కాదు.

నేను ఆ దేశంలో ఆసుపత్రి లివర్ వార్డుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. కింద చెప్పే అంకెలు ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. మిగతాది మంచాల పక్కన నిలబడి చూసింది.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. 2023లో స్కాట్లాండ్‌లో కేవలం మందు వల్లే వచ్చే జబ్బులతో 1,277 మంది చనిపోయారు. "కేవలం మందు వల్లే" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మందుతో వచ్చిన లివర్ జబ్బు, తాగుడు వ్యసనం, ఆల్కహాల్ ఒంట్లో విషంగా మారడం లాంటివే ఈ లెక్కలోకి వస్తాయి. తాగడం వల్ల ముప్పు పెరిగే కేన్సర్లు, పక్షవాతం, తాగి కిందపడి తల పగలడం ఇందులో లేవు. అంటే 1,277 అన్నది కింది అంచనా. నాలుగున్నర రెట్లు అన్నది జనాభాలో వయసుల తేడాలు సర్దాక వచ్చిన రేట్ల పోలిక. అదే దేశంలో అదే సంవత్సరం అన్ని కారణాల మరణాలూ కలిపి చూస్తే ఈ తేడా 1.8 రెట్లే. పేదరికం అన్ని జబ్బుల్లోనూ మనిషిని ముందే తీసుకుపోతుంది, నిజమే. మందు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఇంతలా ఎందుకు పెరుగుతోంది అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ కొలిచేది మనిషి పేదరికం కాదు, అతనుండే చోటు. దేశాన్ని 6,976 చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆదాయం, ఉద్యోగం, చదువు, ఆరోగ్యం, ఇల్లు, నేరాలు, సౌకర్యాల దూరం అన్నీ చూసి వరస పెడతారు. ఆ వరసలో అడుగునున్న అయిదో వంతునీ పైనున్న అయిదో వంతునీ పోలుస్తారు. పేదపేటలో డబ్బున్నవాడు ఉండొచ్చు, మంచి వీధిలో అద్దె కట్టలేనివాడూ ఉండొచ్చు. అయినా ఇంత తేడా కనబడుతోందంటే, అసలు తేడా దీనికన్నా తక్కువ ఉండదనే నా నమ్మకం.

ఇక "వాళ్లు ఎక్కువ తాగుతారు" అన్న మాట. సర్వేలు చూస్తే కథ తిరగబడుతుంది. బ్రిటన్‌లో అసలు మందు ముట్టనివాళ్లు పేద ప్రాంతాల్లోనే ఎక్కువ. వారం వారం తాగేవాళ్లు, ఆరోగ్య సలహా ప్రకారం మించకూడని వారానికి 14 యూనిట్ల హద్దు దాటేవాళ్లు ఉన్నత ఆదాయాల వాళ్లలో ఎక్కువ. ఒక యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. సగటున చూస్తే డబ్బున్నవాళ్లు అంతే తాగుతున్నారు, కొన్నిసార్లు ఎక్కువే. చావులు మాత్రం అటువైపు. పరిశోధకులు దీన్ని ఆల్కహాల్ హాని వైరుధ్యం అంటారు.

ఈ వైరుధ్యంలో కొంత భాగం మన కొలతల్లోని లోపమే, అది ముందే ఒప్పుకుంటాను. సగటు అనేది మోసగత్తె. పేదపేటలో నలుగురు ముట్టకుండా, ఒక్కడు రోజుకో సీసా లాగిస్తే సగటు బాగానే కనబడుతుంది, లివర్ వార్డుకి వచ్చేది మాత్రం ఆ ఒక్కడే. పైగా జనం సర్వేల్లో చెప్పింది కూడితే, దుకాణాల్లో అమ్ముడైన మందులో సగం, మహా అయితే అరవై శాతం లెక్క తేలుతుంది. మిగతాది ఎవరు తాగారు? సర్వే వాళ్లు ఇళ్ల తలుపులు తడతారు. హాస్టల్లో పడుకునేవాడు, స్నేహితుడి సోఫా మీద రోజులు గడిపేవాడు, జైల్లో ఉన్నవాడు వాళ్లకు దొరకరు. తలుపు తీయని మనిషి కూడా దొరకడు. నేను చూసిన పేషెంట్లలో చాలామంది ఏ సర్వేలోనూ ఉండి ఉండరు.

ఆ లోపాన్ని సర్దినా తేడా పోదు. 2017లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం స్కాట్లాండ్ ఆరోగ్య సర్వేల్లో పాల్గొన్న 50 వేల మందికి పైగా జనాన్ని తీసుకుని, వాళ్ల జవాబులను తర్వాతి ఏళ్ల ఆసుపత్రి రికార్డులతో, మరణాల రికార్డులతో కలిపి చూసింది. మంచి ప్రాంతంలో కొద్దిగా తాగేవాళ్లతో పోలిస్తే, అదే మంచి ప్రాంతంలో అతిగా తాగేవాళ్లకు మందు వల్ల ఆసుపత్రి పాలవడమో చనిపోవడమో జరిగే ముప్పు ఆరు రెట్లు. పేద ప్రాంతంలో అతిగా తాగేవాళ్లకు పది రెట్లు. ఎంత తాగారు, ఒక్కసారిగా తాగారా, పొగ తాగుతారా, బరువెంత అన్నవి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చాలావరకు నిలిచింది. ఫిన్లాండ్‌లో కూడా ఇలాంటిదే బయటపడింది, ఒకే తీరుగా తాగినా కాయకష్టం చేసే తరగతికి దక్కిన ఫలితం వేరు.

అంటే గ్లాసు ఒకటే, కానీ అది వెళ్లి పడే శరీరం, ఇల్లు, వీధి వేరు. నేను చెప్పదలుచుకున్నది ఇదే, కింద రాసేదంతా దాని వివరమే.

మొదట శరీరం. వారానికి 60 యూనిట్లు తాగే ఇద్దరు మగవాళ్లను ఊహించుకోండి, ఇద్దరికీ యాభై. ఒకతను భోజనంతో పాటు వైన్ తాగుతాడు, పొగ మానేసి పదేళ్లైంది, బరువు అదుపులో ఉంది. రెండో అతను పొగ తాగుతాడు, బొజ్జ ఉంది, షుగర్ మొదలైంది, తాగిన రోజు అన్నం ముట్టడు. మందుకూ లావుకూ లివర్ మీద కలిసికట్టుగా పనిచేసే గుణముంది. స్కాట్లాండ్‌లోనే తొమ్మిది వేలకు పైగా మగవాళ్లను దశాబ్దాల పాటు గమనించిన మిడ్‌స్పాన్ అధ్యయనాల్లో, లావుగా ఉండి తాగేవాళ్లలో లివర్ జబ్బు ముప్పు, ఆ రెండు ముప్పులూ విడివిడిగా కూడితే వచ్చేదానికన్నా ఎంతో ఎక్కువగా కనబడింది. లివర్‌ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు, గోరుచుట్టు మీద రోకలిపోటే. ఈ మూడూ ఒకే ఒంట్లో కలిసేది ఎక్కువగా పేదపేటల్లోనే.

తిండి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని డాక్టర్లు కూడా మర్చిపోతారు. రోజంతా తాగేవాడికి ఆకలి ఉండదు, మందులోని కేలరీలే కడుపు నింపినట్టు అనిపిస్తాయి. ఉన్న డబ్బు సీసాకే సరిపోతుంది. దాంతో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటుతుంది. తిన్న కాస్తలోని థయామిన్‌ని కూడా పేగులు సరిగా పీల్చుకోకుండా మందు అడ్డుపడుతుంది. అది బాగా తగ్గితే మెదడు దెబ్బతింటుంది. మనిషి తూలుతాడు, కళ్లు సరిగా కదలవు, తికమకగా మాట్లాడతాడు. ఎమర్జెన్సీలో చూసినవాడికి ఎలా అనిపిస్తుంది? "తాగి ఉన్నాడు, పడుకోబెట్టండి" అనిపిస్తుంది. ఆ రాత్రి థయామిన్ ఇంజెక్షన్ పడితే చాలామంది కోలుకుంటారు. పడకపోతే జ్ఞాపకశక్తి జీవితాంతానికి పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. మంచి బట్టలేసుకుని భార్యతో పాటు వచ్చిన మనిషి తూలితే స్కాన్‌కి పంపుతారు. మాసిన కోటుతో ఒంటరిగా వచ్చినవాణ్ణి మూలన కూర్చోబెడతారు. ఇది ఏ ఒక్క ఆసుపత్రి తప్పూ కాదు. ఆ పొరపాటు నేనూ చేశాను.

రెండోది ఆలస్యం, నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చేది దీనికే. లివర్ మౌనంగా ఉండే అవయవం. కొవ్వు పట్టినా నొప్పి రాదు, మచ్చలు కట్టినా రాదు. తొలి దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే కొవ్వు కరుగుతుంది. సిర్రోసిస్ దాకా, అంటే మచ్చలు ముదిరి లివర్ గట్టిపడేదాకా, వెళ్లాక కూడా మానేస్తే ఆయుష్షు పెరుగుతుంది కానీ పోయిన లివర్ తిరిగి పూర్తిగా రాదు. కాబట్టి ఎప్పుడు తెలిసింది అన్నదాని మీదే సగం కథ నడుస్తుంది. ఆఫీసు ఉద్యోగికి బీమా కోసమో, కంపెనీ చెకప్ కోసమో రక్తపరీక్ష జరుగుతుంది. ఏదో ఎంజైమ్ పెరిగిందని ఒక కాగితం వస్తుంది. భయపడతాడు, తగ్గిస్తాడు, కొందరు మానేస్తారు. ఆ కాగితం ఎన్నడూ రానివాడికి జబ్బు మొదటిసారి కనిపించేది కళ్లు పచ్చబడ్డాకో, పొట్టలో నీరు చేరాకో, రక్తం కక్కుకున్నాకో. మా వార్డులో మొదటి పరిచయంలోనే సిర్రోసిస్ ముదిరి కనబడినవాళ్లలో పెద్దభాగం ఏయే పిన్‌కోడ్‌ల నుంచి వచ్చేవారో మాకు అలవాటుగా తెలిసిపోయింది.

అక్కడ వైద్యం ఉచితమే కదా, మరి ఎందుకు వెళ్లరు అని అడుగుతారు. 1971లో వేల్స్‌లోని ఒక బొగ్గుగని ఊళ్లో జీపీగా, అంటే స్థానిక కుటుంబ వైద్యుడిగా, పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ దీనికి ఒక పేరు పెట్టాడు. మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడ తక్కువ దొరుకుతుంది, దాన్ని తలకిందుల వైద్య సూత్రం అనుకోండి. స్కాట్లాండ్‌లోని పెద్ద నగరం గ్లాస్గో చుట్టుపక్కల ఇది ఇప్పటికీ కళ్లకు కడుతుంది. స్కాట్లాండ్‌లో అత్యంత పేద జనానికి సేవ చేసే వంద క్లినిక్‌ల జీపీలు 2009లో "డీప్ ఎండ్" పేరుతో ఒక బృందంగా కలిశారు. వాళ్లు చెప్పేది ఒకటే. పేషెంటుకి గుండెజబ్బు, డిప్రెషన్, అప్పు, తాగుడు అన్నీ కలిపి ఉంటాయి, వాళ్ల చేతిలో ఉన్నది అందరికీ ఉన్నంత పది నిమిషాలే. అందులో తాగుడు గురించి అడిగే సమయం ఎక్కడ?

సిగ్గూ, భయమూ, వాటికి తోడు నిబంధనలూ అడ్డుపడతాయి. నేను పనిచేసిన ఒక చోట, పేరు చెప్పను, వ్యసన చికిత్సకు రెండుసార్లు అపాయింట్‌మెంట్ తప్పితే పేరు కొట్టేసేవారు. కారణం అడిగితే రద్దీ అనేవారు. ఫోన్‌లో బ్యాలెన్స్ లేనివాడికి, ఉత్తరాలు విప్పడానికే భయపడేవాడికి (వచ్చేవన్నీ బిల్లులే మరి) ఆ నిబంధన ఎంత న్యాయమో మీరే చెప్పండి. కొట్టేసిన వాళ్లలో కొందరిని ఆర్నెల్ల తర్వాత నేను మంచం మీద చూశాను.

మూడోది, కిందపడితే పట్టుకునే వల. డబ్బున్నవాడూ తాగుడుకు బానిసవుతాడు, దానిలో తేడా లేదు. కానీ అతనికి జీతంతో సెలవు ఉంటుంది, ప్రైవేటు డీటాక్స్ (మందు మాన్పించే చికిత్స) ఉంటుంది, మాట సాయం చేసే బావమరిది ఉంటాడు. పోగొట్టుకోవడానికి ఏదో ఉంది కాబట్టి ఆపాలనే కారణమూ ఉంటుంది. ఒకసారి నా పేషెంటు ఒకతను, "మానేస్తే సాయంత్రం ఆరు నుంచి పన్నెండు దాకా ఏం చేయమంటారు డాక్టర్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతని భవనంలో లిఫ్టు పనిచేయదు, ఉద్యోగం లేదు, పిల్లలు వేరే ఊళ్లో ఉన్నారు.

ఇక్కడ మీరు ఒక మంచి అభ్యంతరం చెప్పొచ్చు. పేదరికం వల్ల తాగుడు హాని పెరుగుతోందా, లేక తాగుడు వల్లే మనిషి ఉద్యోగం, ఇల్లు పోగొట్టుకుని పేదపేటకు జారుతున్నాడా? రెండూ జరుగుతాయి. జారినవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లలో ఒకప్పటి టీచర్లూ, మేనేజర్లూ ఉన్నారు. కానీ జారడమే మొత్తం కారణమైతే, చదువు ప్రకారం చూసినప్పుడు తేడా పోవాలి, ఎందుకంటే చదువు ఎక్కువమందికి ఇరవైల్లోనే ముగిసిపోతుంది, తాగుడు తర్వాత దాన్ని తగ్గించలేదు. ఐరోపాలో 17 దేశాల మరణాలను అలా చూసినా తక్కువ చదువున్నవాళ్లలోనే మందు చావులు ఎక్కువ తేలాయి, ముఖ్యంగా తూర్పు ఐరోపాలో, ఫిన్లాండ్, డెన్మార్క్‌లలో.

చోటు మాటకొస్తే గ్లాస్గో సంగతి వింతగా ఉంటుంది. గ్లాస్గో, లివర్‌పూల్, మాంచెస్టర్ మూడూ పాత పారిశ్రామిక నగరాలు, పేదరికం దాదాపు ఒకే స్థాయి. 2010లో వచ్చిన పోలికలో గ్లాస్గోలో అకాల మరణాలు మిగతా రెండిటికన్నా 30 శాతం ఎక్కువ, మందు వల్ల వచ్చేవి రెట్టింపుకు పైగా. అంటే ఆదాయ లెక్కలకు అందనిది కూడా ఏదో ఉంది. ఓడల కర్మాగారాలు మూతపడిన తీరు, నగరం నడిమధ్య నుంచి జనాన్ని ఊరిబయట ఎత్తైన భవనాలకు తరలించిన తీరు అందులో పాలుపంచుకున్నాయని చాలామంది వాదిస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మరో విషయం, మందు దుకాణాలు. స్కాట్లాండ్‌లో వీధులవారీగా లెక్కేసిన అధ్యయనాల్లో మందు, పొగాకు అమ్మే కొట్లు పేద ప్రాంతాల్లోనే దట్టంగా తేలాయి. మానేద్దామనుకున్నవాడు పాలు కొనడానికి వెళ్లినా మందు సీసాల అల్మరా దాటి నడవాల్సిందే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ధర. స్కాట్లాండ్ 2012లో కనీస ధర చట్టం చేసింది, విస్కీ వ్యాపారుల సంఘం కోర్టుకెళ్లడంతో అయిదేళ్లు ఆగింది. 2017 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు సరేనన్నాక 2018 మే 1 నుంచి అమల్లోకొచ్చింది. అప్పట్లో యూనిట్ ఆల్కహాల్‌ని 50 పెన్స్ (అర పౌండు) కన్నా తక్కువకు అమ్మకూడదన్నారు. లెక్క వేసి చూడండి. 7.5 శాతం ఆల్కహాల్ ఉన్న సైడర్ (ఆపిల్ రసంతో చేసే మందు) మూడు లీటర్ల సీసాలో 22.5 యూనిట్లు ఉంటాయి, దాని కనీస ధర 11.25 పౌండ్లు అయింది. అంతకుముందు అలాంటి సీసా ఇందులో సగం కూడా ఉండేది కాదు. రెస్టారెంట్లో తాగే వైన్ ధర కదల్లేదు, ఎందుకంటే అది అప్పటికే ఆ హద్దుకు చాలా పైన ఉంది. చట్టం గురిపెట్టింది అన్నిటికన్నా చవకైన, బలమైన సరుకుని, దాన్నే నమ్ముకుని తాగేవాళ్లని.

ఫలితం: 2023లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ఇంగ్లండ్‌తో పోల్చి చూసి, చట్టం లేకపోతే ఎంతమంది చనిపోయేవారో అంచనా కట్టింది. కేవలం మందు వల్ల వచ్చే మరణాలు దానికన్నా 13.4 శాతం తగ్గాయి, అంటే ఏడాదికి దాదాపు 156 ప్రాణాలు. తగ్గుదల ఎక్కువగా కనబడింది అడుగునున్న 40 శాతం ప్రాంతాల్లో. "మరి 2020 తర్వాత చావులు పెరిగాయి కదా" అని చాలామంది ఎగతాళి చేస్తారు. పెరిగాయి, 2019లో 1,020, 2023లో 1,277. కానీ అదే కాలంలో బ్రిటన్ మొత్తంలోనూ 7,565 నుంచి 10,473కి ఎగబాకాయి. కోవిడ్ రోజుల్లో అప్పటికే గట్టిగా తాగేవాళ్లు ఇళ్లలో ఇంకా ఎక్కువ తాగారు, క్లినిక్‌లు మూతపడ్డాయి. కనీస ధర లేకపోతే స్కాట్లాండ్ ఇంకా పైకి వెళ్లేదన్నదే ఆ లెక్క అర్థం.

ధర తగ్గిస్తే ఏమవుతుందో ఫిన్లాండ్ 2004లో చూపించింది. మార్చిలో మందు మీద పన్ను సగటున మూడో వంతు కోశారు. మందు చావులు పెరిగాయి, అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది నిరుద్యోగుల్లో, ముందే పింఛను మీదికి వెళ్లిపోయినవాళ్లలో. చవక మందు పేదవాడికి మేలు అనేవాళ్లకు నేను చూపించేది దీన్నే.

అయినా మీ సందేహం గాలి మాట కాదు. వ్యసనం ముదిరినవాళ్లలో కొందరు తాగడం తగ్గించలేదు, తిండి ఖర్చూ కరెంటు ఖర్చూ తగ్గించుకున్నారు. థయామిన్ గురించి పైన చెప్పాను కదా, దానికి ఇదెంత ప్రమాదమో మీకే అర్థమవుతుంది. ఇంకోటి, ఇది పన్ను కాదు, ధర పెరిగిన మిగులు దుకాణదారుడికే పోతుంది, చికిత్సకు రాదు. నాకు ఈ చట్టంలో నచ్చనిది అదొక్కటే. 2024 సెప్టెంబర్ 30 నుంచి హద్దుని 65 పెన్స్‌కి పెంచారు. మధ్యలో ధరలన్నీ పెరిగాయి కాబట్టి అది పెంచడం కన్నా పాత బిగింపుని తిరిగి తేవడమే.

ధర కొత్తగా బానిసలయ్యేవాళ్లను ఆపుతుంది, కొంచెం ఎక్కువ తాగేవాళ్లను వెనక్కి లాగుతుంది. ఇప్పటికే ఒంటికి పట్టినవాడికి అది చాలదు. అలాంటివాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఉంటే ఒక్క మాట. పొద్దున్నే చేతులు వణికి, తాగితేనే తగ్గే మనిషిని "రేపటి నుంచి మానెయ్" అనకండి. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు రావచ్చు, మతిభ్రమ రావచ్చు, అందులో చనిపోయినవాళ్లున్నారు. ముందు డాక్టర్‌కి చూపించి, థయామిన్ మొదలుపెట్టి, డాక్టర్ రాసిచ్చే మాత్రల సాయంతో తాగుడు తగ్గించాలి.

వల పేదపేటకు ఎలా చేరుతుందంటే, నేను చూసినవాటిలో బాగా పనిచేసింది ఒకటి ఉంది. గ్లాస్గో డీప్ ఎండ్ క్లినిక్‌లలో ఆల్కహాల్ నర్సుల్ని పెట్టారు. పేషెంటు అపాయింట్‌మెంట్‌కి రాకపోతే పేరు కొట్టేసేవారు కాదు, నర్సే ఇంటికి వెళ్లేది. తలుపు తీయకపోతే మళ్లీ వెళ్లేది. సర్వే వాళ్లకు దొరకని మనుషులు ఆమెకు దొరికారు.